మందు పట్టించని విత్తనం

మాట్లాడటం తగ్గించమని డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన ముఖంలో ఒక్క క్షణం మెరిసిన సంతోషాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్ల తరబడి సోషల్ పాఠాలు అరిచి అరిచి చెప్పి గొంతులో బుడిపెలు తెచ్చుకున్నాను. "ఇక పాఠాలు వద్దు, అరవద్దు, కోపం అసలే వద్దు" అన్నాడు డాక్టరు. పాఠాలు మానేశాను. అరవడం చాలావరకు తగ్గించాను. కోపం సంగతి మాత్రం, ఆ డాక్టరు మా వంశం గురించి తెలియక చెప్పిన మాట.

మా ఆయనది శ్రీశైలం డ్యాం దగ్గర కరెంటు పని. సెలవు దొరికినప్పుడే ఇంటికి వస్తాడు. మా కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మేడ మీద అద్దె ఇంట్లో నేనూ, నా మూగనోమూ మిగిలాం. సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన మా ఇంటికి వచ్చాడు.

నాయనది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి సేద్యమే. అమ్మ పోయాక కూడా ఒంటరిగా వండుకుని తిని పొలం పోయేవాడు. ఇక నా వల్ల కాదని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయన మోకాళ్లే అన్నాయి. చేలో గట్టు మీది నుంచి జారి పడ్డాక, భూమి కౌలుకిచ్చి, ఒక ఇనుప పెట్టె పట్టుకుని మా మేడ మెట్లు ఎక్కాడు. ఆ పెట్టెలో బట్టలు తక్కువ, సేద్యం ఎక్కువ. కొడవలి, మోటారు విప్పే పానా, పగ్గం, వాడగా మిగిలిన మందు పొట్లాలు. ఇవన్నీ ఎందుకు నాయనా అంటే, "పారేసేదానికి చేతులు రాలా" అన్నాడు.

వచ్చిన కొత్తలో వరండాలో కూర్చుని, రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను చూసి ఏ లోడు ఎటు పోతోందో చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఆ తర్వాత చూడటం కూడా మానేశాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటి వంక చూస్తూ కూర్చునేవాడు.

"ఏం చేస్తాండావ్ నాయనా?" అంటే, "ఏముండాది, తింటాండా, పండుకుంటాండా. కొట్టంలో ఎద్దు మాదిరి. ఎద్దన్నా కొంచేపు దున్నుతాది" అనేవాడు.

మనిషి నా కళ్లముందే తరిగిపోతున్నాడు. జబ్బు ఏమీ లేదు. పని లేదు, అంతే. ఆయనకు పని ఎక్కడి నుంచి తెచ్చిపెట్టాలో నాకు తెలియలేదు. నా దిగులంతా అదే.

మైక్రోగ్రీన్స్ సంగతి ఫోన్లో చూశాను. మాటలు లేని మనిషికి ఫోనే కదా చుట్టం. ట్రేలో కొబ్బరి పొట్టు పరిచి, ఆవాలో ముల్లంగి విత్తనాలో చల్లి, నీళ్లు చిలకరిస్తే, వారం పది రోజుల్లో రెండాకుల మొలకలు లేస్తాయి. వాటిని అప్పుడే మొదలంటా కోసి పచ్చిగా తింటారు. ఒంటికి మంచిదని ఊళ్లల్లో డబ్బున్నవాళ్లు కొనుక్కుంటున్నారు. అరవక్కర్లేని పని, గది దాటక్కర్లేని పని. ఇంట్లో సామాన్ల గది ఖాళీ చేసి, ఇనుప ర్యాకులు, ట్యూబులైట్లు పెట్టించాను. కింది వాటాలో ఉండే ఇంటావిడ వచ్చి చూసి, "ఏందీ, గదిలో గడ్డి పెంచుతాండావా? ఇంగ బర్రెను గూడా మేడెక్కిస్తావా?" అంది.

నాయన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. "నారు పోసినావా?" అన్నాడు. చాలా రోజులకు ఆయన తనంతట తాను అడిగిన మాట అది.

"నారు కాదు నాయనా. ఇట్లే కోసి అమ్ముతారు."

"ఇట్లనా? రెండాకులప్పుడా?" ఆయన ముఖం చూస్తే నేను ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చానన్నట్టుంది. "పెరిగేదానికి పుట్టినదాన్ని పుట్టంగానే కోస్తారామ్మా? ఎవరన్నా వింటే నవ్విపోతారు."

చెప్పి చెప్పి నా గొంతు నొప్పి పుట్టింది గానీ ఆయనకు ఎక్కలేదు. అయినా మరుసటి రోజు పొద్దున నేను లేచేసరికి ఆ గదిలోనే ఉన్నాడు. ట్రే మీదికి వంగి, వేలితో పొట్టు తేమ చూస్తున్నాడు. నేను చడీచప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. టీ పెడుతుంటే ఏడుపొచ్చింది. సంతోషం వల్లనే.

మా పల్లెలో నాయన చెయ్యి మంచిదని పేరు. ఎవరు విత్తనం వేసినా మొదటి పిడికెడు ఆయనతో వేయించేవాళ్లు. విత్తే గొర్రు కట్టే ముందు ఇంటికొచ్చి, "అన్నా, ఒకసారి వచ్చిపో" అనేవాళ్లు. ఈయన పంచె సర్దుకుని, తూర్పుకు తిరిగి, పిడికెడు విత్తనాలు చల్లి వచ్చేవాడు. దానికి ఆయన ఏమీ తీసుకునేవాడు కాదు. తీసుకుంటే చెయ్యి చెడుతుందట. అందుకే నేను కూడా ఒక పద్ధతి పెట్టాను. మా గదిలో విత్తడం ఆయన పని. కోయడం నా పని. రెండాకుల మొక్క మీద కత్తెర పెట్టడానికి ఆయన చచ్చినా ఒప్పుకోలేదు. నేను కోసేటప్పుడు వరండాలోకి వెళ్లి అటు తిరిగి కూర్చునేవాడు.

అట్లా మొదలైంది మా వ్యాపారం. పొద్దున స్కూటీ మీద డబ్బాలు పెట్టుకుని తిరిగేదాన్ని. ఒక జ్యూస్ సెంటర్ ఆయన తీసుకునేవాడు. గ్రౌండులో నడిచే రిటైర్డు ఉద్యోగులు కొందరు, షుగరుకు మంచిదని ఎవరో చెబితే, తీసుకునేవాళ్లు. "నీళ్లలో నానేసిన గడ్డి మాదిరి ఉండాది గానీ ఇయ్యి" అంటూనే తీసుకునేవాళ్లు. వీళ్లందరికంటే నాకు దగ్గరి గిరాకీ ఆళ్లగడ్డలో ఉండేది. ఆమె టైలరు. నేను పరికిణీలు వేసుకున్నప్పటి నుంచి నా బట్టలన్నీ కుట్టిన అక్క. వాళ్లాయన వారం వారం నంద్యాలకు వచ్చి లైనింగు గుడ్డలూ దారాలూ కొనుక్కుపోతాడు. వాళ్ల కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు బాగా తినమని డాక్టరు చెప్పాడు. ఆ పిల్లకేమో ఉడికిన ఆకుకూర వాసన చూస్తేనే వాంతి. మా ముల్లంగి మొలకల మీద నిమ్మకాయ పిండి ఇస్తే మాత్రం గుప్పెళ్లకొద్దీ తిన్నదట.

"పాపా, నీ గడ్డి నా బిడ్డ ప్రాణానికి సరిపోయింది. వారం తప్పకుండా పంపు" అని అక్క ఫోన్లో చెప్పింది. నాయనకు చెబితే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

వానలు పట్టాక మా కష్టాలు మొదలయ్యాయి. గదిలో గాలి ఆడదు. ట్రేల మీద తెల్లటి బూజు. విత్తనం చల్లిన రెండో రోజుకే దూదిలాగా కమ్ముకునేది. నేను ఫ్యాన్లు పెట్టాను, నీళ్లు తగ్గించాను, ట్రేలు వేడినీళ్లతో కడిగాను. ఒక వారం బాగుండేది, మరో వారం సగానికి సగం పారేయాల్సి వచ్చేది. ఒకరోజు వరుసగా ట్రేలన్నీ బోర్లించి, ఆ గది గడపలో కూర్చుని, "ఇంక మూసేస్తా నాయనా, నాతో కాదు" అన్నాను. కోపంలో అన్న మాట. కోపం తగ్గాక నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

ఆ తర్వాతి వారం ట్రేలు చూసి నాకు నా కళ్ల మీదే నమ్మకం కలగలేదు. బూజు చుక్క కూడా లేదు. తల దువ్వినట్టు సమంగా, పచ్చగా, నిటారుగా లేచి నిలబడ్డాయి మొలకలు. ఫోటోలు తీసి మా ఆయనకు పంపించాను. ఆ రోజు పొద్దున కోసి, డబ్బాలు నింపి, ఆళ్లగడ్డ డబ్బా టైలరక్క వాళ్లాయన చేతికిచ్చి, నంద్యాల డబ్బాలు ఇచ్చి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసుతో నాయన ఎదురుగా కూర్చున్నాను.

"నాయనా, ఈసారి ట్రేలు చూసినావా? బూజు యాడికి పోయిందో!"

ఆయన మీసాల్లో నవ్వాడు. అట్లాంటి నవ్వు నేను చూసి ఎన్నేళ్లయిందో.

"యాడికి పోతాది? పట్టిచ్చినా గదా."

"ఏం పట్టిచ్చినావు?"

"మందు. ఉత్త ఇత్తనం ఏస్తే బూజు పట్టకుండా ఏం చేస్తాది? నువ్వు మూసేస్తా అంటివి. పెట్టెలో పొట్లం ఉండె. నువ్వు బయటికి పోయినప్పుడు డబ్బాలోని ఇత్తనానికంతా పట్టిచ్చి నీడన ఆరబెట్టినా. చూడు, ఎట్ల లేసిందో!"

నేను లేచి నిలబడ్డాను.

చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మా సీమలో విత్తనం వేరు, గింజ వేరు. గింజ తినేది. విత్తనం వేసేది. విత్తనం కుళ్లకుండా, పురుగు పట్టకుండా, వేసే ముందు మందు పొడి కలిపి ఆరబెడతారు. మందు పట్టించకుండా విత్తనం వేసేవాణ్ణి మా పల్లెలో సోమరిపోతు అంటారు. నంద్యాల ఊరంతా విత్తనాల షాపులే కదా, అక్కడ సంచులు విప్పితే మందు పట్టించిన రంగు రంగుల విత్తనాలే కనిపిస్తాయి. అందుకే నేను పనిగట్టుకుని, తినడానికి పనికొచ్చే, మందు తగలని విత్తనాలు వెతికి తెప్పించుకునేదాన్ని. చిన్నప్పుడు వేయడానికి సిద్ధం చేసిన వేరుశనగ విత్తనాల దగ్గర మేము కూర్చుంటే నాయన కాపలా ఉండేవాడు. ఒకసారి నేను ఒక పలుకు నోట్లో పెట్టుకోబోతే చెయ్యి వాచేలా కొట్టాడు. "ఇత్తనం నోట్లో పెట్టుకుంటే సచ్చిపోతావే!" అని అరిచాడు. తర్వాత ఆయనే ఏడ్చాడు. ఆ మనిషికి తెలియదా మందు సంగతి?

"నాయనా, దాన్ని మనుషులు పచ్చిగా తింటారు నాయనా!" నేను అరిచాను. డాక్టరు వద్దన్నంత గట్టిగా అరిచాను. "వారానికే కోసి పచ్చిగా తింటారు!"

"తెలుసమ్మా. ఆకు తింటారు గదా. మందు ఏర్లకు ఉంటాది. ఏర్లు మనం తినం గదా."

"ఏరు తాగింది ఆకుకు ఎక్కదా?"

  ఆయన లెక్క నాకు అప్పుడు అర్థమైంది. ఆయన జీవితంలో విత్తనానికి పట్టించిన మందుకూ, నోట్లోకి వెళ్లే ముద్దకూ మధ్య ఒక పంటకాలమంత సేద్యం ఉంది. వానలు, ఎండలు, కలుపులు, కోతలు ఉన్నాయి. ఎన్ని చెప్పినా ఆ ట్రే ఆయన కంటికి నారుమడే. నారుకు మందు పట్టించడం తప్పెట్లా అవుతుంది?  "ఆళ్లగడ్డకు పోయిందా డబ్బా?" అన్నాడు. నేను తలూపాను. మాట్లాడబోతే గాలి తప్ప మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది.

నంద్యాల వాళ్లకు వెంటనే మెసేజీలు పెట్టాను: తినొద్దు, పారేయండి, తప్పు మాదే. నడిచే పెద్దాయనలు చూసుకుని పారేశామని బదులిచ్చారు. జ్యూస్ సెంటర్ ఆయన డబ్బా ఇంకా విప్పలేదట. కానీ, "ఇంగ మాకు పంపొద్దులేమ్మా" అని ఒక్క ముక్క రాశాడు. ఆళ్లగడ్డ అక్కకు మెసేజీలు చదవడం రాదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మిషన్ తొక్కుతూ ఉంటే ఆమెకు ఏమీ వినిపించదు. వాళ్లాయన ఫోన్ స్విచాఫ్. కూతురి నంబరు నా దగ్గర లేదు.

నాయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఆ మోకాళ్లతో మెట్లు దిగుతుంటే నేను రెక్క పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు. "తొందరగా రా" అన్నాడు.

బస్సు ఎక్కాం. కిటికీలోంచి పొలాలు కనపడుతూనే ఉన్నాయి గానీ, పొలం కనిపిస్తే తల తిప్పి చూడకుండా ఉండలేని మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. శిరివెళ్ల దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ట్రాక్టర్లు అడ్డం. నేను లేచి డ్రైవర్ని అడగాలనుకున్నాను, గొంతు లేదు. అప్పుడు నాయన లేచాడు. "అన్నా, కొంచెం తొందరగా పోనీ. ఒక కడుపుతో ఉన్న బిడ్డ తినగూడనిది తినేట్టుండాది" అన్నాడు. బస్సంతా మా వైపు తిరిగింది. డ్రైవరు హారను మీద చెయ్యి తీయకుండా దారి చేసుకున్నాడు.

ఆళ్లగడ్డలో దిగి, రాళ్లు చెక్కే షెడ్ల పక్క సందులోంచి నడిచాం. అక్క మిషన్ ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. "ఏంది మామా, చెప్పాపెట్టకుండా వచ్చినారు! పాపా, ఏమైంది, ముఖం అట్లుండాదే?" అంది. నాయనను ఆమె ఎప్పుడూ మామా అనే పిలుస్తుంది.

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నాయన నన్ను వెనక్కి నెట్టాడు.

"మ్మా, పొద్దున వచ్చిన డబ్బా యాడుండాది? బిడ్డ తినిందా?"

"తినింది. ఇందాకనే కొంచెం తినింది. ఏం?"

"నేను దానికి మందు పట్టిచ్చినా. పురుగు మందు మాదిరిదే. నా కూతురికి తెలీదు. నేనే చేసినా. బిడ్డను ఆస్పత్రికి తీస్కపోదాం పద."

అక్క ముఖంలో రంగు పోవడం నేను చూశాను.  ఆమె అరిచింది. "మందు పట్టిచ్చినావా? తినేదానికా? నీ కూతురికైతే పెడ్తావా మామా ఇట్లాంటిది?"

తన కూతురు కూడా వాటిని రోజూ తింటుందని, ఆ పొద్దున కూడా రెండు పోచలు నోట్లో వేసుకుందని ఆయన చెప్పొచ్చు. చెప్పలేదు. "పెట్టను" అన్నాడు. "పద, ఆలీసం చేయొద్దు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ నాయన తెచ్చిన ఖాళీ పొట్లం చూసింది. అవును, ఆ పొట్లం జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఎంత తిన్నదో అడిగింది, పరీక్షలు చేసింది, కడుపులో బిడ్డ గుండె విన్నది. మమ్మల్ని తిట్టాల్సినంత తిట్టింది. ఇంత కొంచెం తిన్నందుకు భయపడాల్సింది కనిపించడం లేదు, అయినా సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, కనిపెట్టి చూస్తాను అంది. నాయన బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. టీ తెస్తే తాగలేదు. బిస్కెట్ ఇస్తే తినలేదు. లోపలి నుంచి నర్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆయన మోకాళ్లు చప్పుడు చేయడం నాకు వినిపించేది.

సాయంత్రం డాక్టరమ్మ ఇంటికి తీసుకెళ్లమంది. అక్క కూతురు నడుచుకుంటూ బయటికి వచ్చి, మా నాయనను చూసి, "తాతా, నాకేం కాలేదులే" అంది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ పిల్లకు మా కూతురి కంటే ఎంతో ఎక్కువ వయసు ఉండదు. ఒక ముసలాయన తనకు చేతులు జోడించడం చూసి ఆమె బిక్కచచ్చిపోయింది. అక్క మాత్రం మాతో మాట్లాడకుండా కూతుర్ని ఆటో ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను ఆమెను తప్పు పట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఇంకో నాలుగు అనేదాన్ని, గొంతు ఉన్నా లేకపోయినా.

ఇంటికి వచ్చాక ఆయన మిగిలిన ట్రేలన్నీ మోసుకుని కిందికి దించాడు. నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. ఇంటావిడ, "మా మేకలకన్నా ఏసేది కదప్పా" అంటే, "మేకకైనా ప్రాణమే గదమ్మా" అని పెరట్లో గుంట తీసి పూడ్చాడు. డబ్బాల్లోని విత్తనాలూ అందులోనే పోశాడు. పెట్టెలోని పొట్లాలన్నీ తీసుకెళ్లి, పల్లెలో భూమి కౌలుకు చేసే అతనికి ఇచ్చి రమ్మని తెలిసినవాళ్లతో పంపించాడు. తర్వాత వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చింది.

కొత్త విత్తనాలు తెప్పించాను. గొంతు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. "నాయనా, వచ్చి ఇత్తనం వెయ్యి" అని పిలిచాను.

"నువ్వే ఎయ్యి పాపా. నా చెయ్యి ఇంగ మంచిది కాదు."

బతిమాలాను. విసుక్కున్నాను. ఒకసారి తెలిసి తెలిసి, నీవల్లే గిరాకీ పోయింది, నువ్వే సరిచెయ్యాలి అని కూడా అన్నాను, రోషం తెచ్చుకుంటాడని. రోషం కూడా రాలేదు. "నిజమే" అన్నాడు.  బూజు కంటే, పోయిన గిరాకీ కంటే, ఆయన "నిజమే" అనడమే నాకు భయమేసింది. నేను ఒక్కదాన్నే రెండు మూడు ట్రేలు వేసుకుంటూ వచ్చాను. పలచగా చల్లితే, ఫ్యాను గాలి తగిలితే, బూజు కొంచెం తగ్గింది. కొన్ని ట్రేలు పోయేవి. పోతే పోయాయి అనుకోవడం నేర్చుకున్నాను. ఆయన ఆ గది గడప తొక్కలేదు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. నేను కాసేపు ఎత్తడానికే జంకాను.

"పాపా, ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ బాగుండారు."

నేను ఏడ్చేశాను. ఏదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు.

"ఏడుస్తావేంటికి? విను. నా కూతురు మళ్లీ ఆ గడ్డి అడుగుతాంది. పంపు."

"అక్కా, నా చేతిది నువ్వు నమ్ముతావా?"

"నీ చేతిది ఏంటికి? ఆయప్ప చేత్తో ఏసిందే పంపు. ఆ పొద్దు నా నోటికొచ్చినట్ల తిట్టినా, నా కడుపు మంట అట్లుండె. తర్వాత కూర్చుని ఆలోచన చేస్తి. మనం పాలు కొంటాం, కారం కొంటాం, నూనె కొంటాం. దాంట్లో ఏం కలిపినారో ఒక్క నాకొడుకు బస్సెక్కి వచ్చి చెప్తాడా? మామ వచ్చి చెప్పె. చెప్పినోని చేతిది తినొచ్చు పాపా. చెప్పనోనితోనే భయం. ఫోను ఆయనకియ్యి."

ఫోన్ స్పీకర్లో పెట్టి నాయన ముందు పట్టుకున్నాను. అక్క అదే మాట ఆయనకూ చెప్పింది. "నీ చేత్తో ఏయకుంటే నాకు వద్దు మామా" అని పెట్టేసింది. ఆయన ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు.  నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడుగుతున్నట్టు నటించాను.

కొంతసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఆయన అడుగుల చప్పుడు గది వైపు వెళ్లింది. నేను చేతులు తుడుచుకుని వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

నాయన ట్రే ముందు నిలబడి, ముల్లంగి విత్తనాల డబ్బా మూత తీశాడు. వాసన చూశాడు. వెలుగులో పెట్టి చూశాడు. తర్వాత చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.  ఇంత వయసొచ్చినా, విత్తనం నోట్లో పెట్టుకోవడం చూస్తే నా చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. ఆయన మెల్లగా నమిలాడు. మింగాడు.  అప్పుడు తూర్పు ఎటో చూసుకుని, అటు తిరిగి, పిడికెడు తీసి ట్రే మీద చల్లాడు.

అప్పటి నుంచి ఆయన ఏ విత్తనం వేసినా అదే పద్ధతి. ముందు నోట్లో చిటికెడు, తర్వాతే ట్రేలో. ఆవాలైనా అంతే, మెంతులైనా అంతే. చేదుకు ముఖం చిట్లించుకుంటాడు గానీ మానడు. నవ్వొస్తుంది నాకు, నవ్వను.

కానీ ఆ మొదటి రోజు ఆయన చల్లడం అయిపోయాక నా వైపు తిరిగాడు. "ఇట్లా రా" అన్నాడు. దగ్గరికి వెళ్లాను. అరచెయ్యి పట్టమన్నాడు. పట్టాను. చిన్నప్పుడు విత్తనం ముట్టుకున్నందుకు వాచేలా కొట్టిన చెయ్యి, నా అరచేతిలో చిటికెడు విత్తనాలు పోసింది.

"తిను" అన్నాడు నాయన.

తిన్నాను.